ఇప్పపూల కుండ వెంట మహదేవపూర్ దాకా

మా వంటగది పైకప్పు మీద నల్లద్రాక్ష మరక ఒకటుంది. ఇంటికొచ్చిన వాళ్లంతా అదేమిటని అడుగుతారు. నేను నోరు తెరిచేలోపే మావారు అందుకుంటారు, "మా ఆవిడ వైన్ చేసిందండీ" అని.

నిజమే, చేశాను. తణుకులో మా వీధిలో ఆవకాయ పెట్టడంలో నన్ను మించినవాళ్లు లేరు. ఊరబెట్టడమే కదా, మామిడికాయైతేనేం ద్రాక్షైతేనేం అనుకున్నాను. పళ్లు చిదిమి, పంచదార కలిపి, బేకరీ వాళ్ల దగ్గర ఈస్ట్ అడిగి తెచ్చి వేసి, గాజు జాడీ నిండా పోసి మూత గట్టిగా బిగించాను. మేము భోజనాలు చేస్తుండగా అది పేలింది. రెండోసారి మూత వదులుగా పెట్టాను. కానీ ఆత్రం ఒకచోట ఉండనివ్వదు. పొద్దున లేవగానే మూత తీసి చూడటం, వాసన పీల్చడం, చెంచాడు నోట్లో వేసుకోవడం. చివరికి అది అచ్చమైన వెనిగర్ అయి కూర్చుంది. దాంతో వంటింటి గట్టు తుడిస్తే తళతళలాడింది. మావారు నవ్విన నవ్వుకు నాకు పౌరుషం పొడుచుకొచ్చింది.

ఈ గోడంతా శాంతికి ఫోనులో వెళ్లబోసుకున్నాను. శాంతి మా మేడమీద గదిలో అద్దెకుండి నర్సింగు చదువుకున్న అమ్మాయి. మహబూబాబాద్ దగ్గర ఒక లంబాడీ తండాలో పుట్టింది. ఇప్పుడు జనగామలో ఒక చిన్న ఆసుపత్రిలో నర్సు. రాజేందర్ అనే అబ్బాయిని ప్రేమించి పెళ్లాడింది. అతనిది తండా కాదు, మహదేవపూర్ మండలంలో భూములున్న రైతు కుటుంబం. భూపాలపల్లి బొగ్గు గనిలో ఉద్యోగం చేస్తాడు. నా వెనిగర్ కథ విని శాంతి చాలాసేపు నవ్వి, తర్వాత అంది, "ఆంటీ, మా అత్తగారింట్ల ఏటేటా ఇప్పపూలతోని గసొంటిదే చేస్తరు. ఈసారి కుండ నేను కట్టిన. మొదటి వానలు పడంగనే తీస్తరు. మీరు రారాదు, చూద్దురు."

అలా బయలుదేరాను. వైన్ చేయడం నేర్చుకుందామని వెళ్లినదాన్ని ఇంకేదో చూసి వచ్చాను. అదే చెప్పబోతున్నాను.

జనగామ: మొదటి పాఠం

రైలు మహబూబాబాద్ దాటుకుంటూ నన్ను జనగామకు తెచ్చింది. మళ్లీ వెనక్కి మహబూబాబాదే వెళ్లాలి. అయినా శాంతి డ్యూటీ దిగేది ఇక్కడ కాబట్టి తప్పలేదు. స్టేషన్ బయట నేరేడు పళ్లు కుప్పలు పోసి అమ్ముతున్నారు. కిలో రెండు వందలంటే గుండె గుభేలుమంది. మా వైపు కాలవ గట్ల మీద రాలి తొక్కుడు పడే పళ్లవి. బేరమాడితే అమ్మే ఆమె, "కొంటె కొను లేకుంటె లేదక్కా, తిని సూడు ముందుగాల" అని గుప్పెడు చేతిలో పోసింది. తిన్నాక నోరుమూసుకుని కొన్నాను.

శాంతి గది ఒక మిద్దె మీద ఉంది. పొయ్యి మీద గిన్నెకు సర్వపిండి అద్ది కాలుస్తూ తన కుండ సంగతి చెప్పింది. ఎండిన ఇప్పపూలను చేత్తో నలిపి లోపలి పుప్పొడి తీగలన్నీ దులపాలట. కాచి చల్లార్చిన నీళ్లలో నానబెట్టాలి. పూలలోనే కావలసినంత తీపి ఉంటుంది కాబట్టి బెల్లం కొంచెమే. తాటికల్లు అడుగున దిగే తెల్లటి మడ్డి ఒక గరిటెడు కలిపితే అదే పులియబెడుతుంది. కుండ గొంతుదాకా నింపకూడదు, పొంగడానికి చోటుండాలి. మూకుడు పెట్టి, గుడ్డ కట్టి, మట్టితో మెత్తి, గాలి బయటికి పోవడానికి మాత్రం సన్నటి బెజ్జం ఉంచాలి.

"అత్త గా బెజ్జంల దూది పెడ్తది. నేనేమో సెలైన్ పైపు పెట్టి, దాని కొసను నీళ్ల సీసాల ముంచిన. లోపలి గ్యాస్ బుడబుడమని బయటికొస్తది, బయటి గాలి లోపలికి పోదు" అంది శాంతి.

"మరి రుచి ఎప్పుడు చూస్తావు?" అని అడిగాను.

"చూడనే చూడొద్దు ఆంటీ. పొలం గట్టు మీద మైసమ్మకు సాక పోసేదాక ఇంటోళ్లెవరు మూత తీయొద్దు, నాలిక మీద వేసుకోవద్దు. కట్టినామె సుత."

సాక పోయడమంటే అమ్మవారి ముందు నేల మీద ధారగా పోసి అర్పించడం. నాకు అక్కడికక్కడే చెంపపెట్టు తగిలినట్టయింది. నేను రోజుకొకసారి మూత తీసి గాలిని పిలిచి మరీ లోపల కూర్చోబెట్టాను. వీళ్లు అమ్మవారి మీద భక్తితో గాలికి తలుపు మూశారు. వీడియోల్లో ఎన్నిసార్లు విన్నా నాకు ఎక్కని సంగతి ఒక ఆచారం వీళ్లందరి చేతా పాటింపజేస్తోంది. నాకు భలే ముచ్చటేసింది.

కానీ శాంతి ముఖంలో ముచ్చట లేదు. రాజేందర్ పెద్దనాన్న మల్లయ్య అనే ఆయన కుండ కట్టేరోజే తేల్చి చెప్పాడట. తండా పిల్ల చేతి కుండ, పైగా దవాఖాన పైపు పెట్టిన కుండ. ఇది చెడిపోతే అమ్మకు ఇష్టం లేనట్టే. వచ్చే ఏటి నుంచి కుండ తన ఇంట్లో, తన కోడలు కడుతుంది. ఆ కుండ ఏ ఇంట్లో ఉంటే పాలివాళ్లు, అంటే దాయాదులందరూ విత్తనాలు వేసే ముందు ఆ ఇంటికే వస్తారు. శాంతి వల్ల కుండ ఇల్లు మారితే ఆ మాట బతికినంతకాలం ఆమె మీద ఉండిపోతుంది.

"మొన్నటిదాక బుడగలు వచ్చినయట. నిన్న ఆగిపోయినయని అత్త ఫోన్ల చెప్పింది. ఆగితే మంచిదా, చెడ్డదా ఆంటీ?"

నాకేం తెలుసు. నా జాడీలో ఒకటి పేలింది, ఒకటి పుల్లబడింది. అయినా పెద్దదాన్ని కాబట్టి, "తీపంతా అయిపోతే ఆగుతాయిలే" అని ధైర్యం చెప్పాను. పులియబెట్టే మడ్డి చచ్చిపోయినా ఆగుతాయని తెలిసి కూడా ఆ మాట మింగేశాను.

కొడకండ్ల దారి: నా సంచి సంగతి

మర్నాడు కొడకండ్ల మీదుగా బయలుదేరాం. ఇక్కడ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు. మా రాష్ట్రంలోనూ అంతే. కానీ ఇక్కడ నా ఆధార్ కార్డు చెల్లదు కాబట్టి బస్సు మొత్తంలో డబ్బిచ్చి ఎక్కిన ఆడదాన్ని నేనొక్కతెనే. కండక్టరు, "మీది ఆంధ్రానా అమ్మా" అని అందరికీ వినపడేట్టు అడిగాడు. పక్కన కూర్చున్న పెద్దావిడ నా మాట రెండు ముక్కలు విని, "టీవీల మాట్లాడినట్టు మాట్లాడ్తున్నవ్ బిడ్డా" అని మురిసిపోయింది. మా వైపు సినిమాల్లో ఏళ్ల తరబడి వీళ్ల యాసను నవ్వించడానికి వాడుకున్నారు. వీళ్లేమో మన మాట విని మురుస్తున్నారు. నాకు కొంచెం సిగ్గేసింది.

కొడకండ్ల దాటాక శాంతికి తెలిసిన గీత కార్మికుడి దగ్గర దిగాం. అప్పుడే చెట్టు దిగి లొట్టిలోని కల్లు వంపుతున్నాడు. మోకు నడుముకే ఉంది. నేను ఇంట్లో ఈసారి కల్లుమడ్డితో ప్రయత్నిస్తానని చెబితే ఆయన సంబరపడి అడుగున దిగిన మడ్డిని ఒక చిన్న ప్లాస్టిక్ సీసాలో పోసి ఇచ్చాడు. డబ్బు తీసుకోలేదు. "మూత జర ఒదులుగ పెట్టుకో అక్కా, లేకుంటె లొల్లి చేస్తది" అన్నాడు. వదులుగా పెడితే చీరల మీద ఒలుకుతుందని నేను గట్టిగా తిప్పాను. మూత విషయంలో నాకు బుద్ధి రాదని ఈపాటికి మీకు అర్థమయ్యే ఉంటుంది.

తొర్రూరు చేరకముందే నా ఒళ్లోని సంచిలో ఢామ్మంది. డ్రైవరు టైరనుకుని బస్సు ఆపాడు. దిగి చుట్టూ తిరిగి చూసి వచ్చేసరికి బస్సు నిండా కల్లు వాసన. మంచి అంచు చీర కట్టుకుని, కళ్లజోడు పెట్టుకుని, ఒడి నిండా నురగతో కూర్చున్న నన్ను అందరూ చూస్తున్నారు. వెనక సీట్లోంచి ఒక ముసలాయన, "ఆంధ్రా అమ్మ గట్టిగనే ఉన్నది" అన్నాడు. బస్సంతా నవ్వింది. శాంతి కూడా పగలబడి నవ్వింది. బయలుదేరాక ఆ పిల్ల నవ్వడం అదే మొదలు కాబట్టి, చీర పాడైతే అయిందిలే అనుకున్నాను.

మానుకోట పక్కన తండా

మహబూబాబాద్‌ను ఇక్కడి వాళ్లు మానుకోట అంటారు. అక్కడి నుంచి ఆటోలో తండాకు పోయాం. శాంతి తల్లి కమ్లి వాకిట్లోనే ఎదురొచ్చి కూతురిని కాకుండా ముందు నన్ను వాటేసుకుంది. తర్వాత వాసన పట్టి వెనక్కి జరిగింది. శాంతి వాళ్ల భాషలో ఏదో గబగబా చెప్పింది. అందులో నాకు తెలిసింది 'యాడీ' అన్న మాట ఒక్కటే. అమ్మ అని అర్థం. తల్లీకూతుళ్లు నవ్వుకుని నా చీర విప్పించి తమ చీర ఒకటి కట్టించారు. నా చీర ఉతికి ఆరేసేదాకా కమ్లి నిలవలేదు.

మా వైపు చుట్టం రాగానే కాఫీ. ఇక్కడ పెద్ద చెంబుతో నీళ్లు, వెంటనే అన్నం పెట్టే ఏర్పాటు. పళ్లెమంత జొన్నరొట్టె, పచ్చిమిరపకాయలు, వెల్లుల్లి కలిపి నూరిన కారం, మీద నూనె. గోదావరి జిల్లా కారం తిన్న నాలుక కదా అని ధీమాగా పెద్ద ముద్ద పెట్టుకున్నాను. కళ్లలోంచి నీళ్లు కారుతుంటే కమ్లి మజ్జిగ గిన్నె నా ముందుకు తోసి ఏమీ ఎరగనట్టు అటు తిరిగింది. ఆ మర్యాద నాకు నచ్చింది.

ఇప్పపూల సంగతి ఎత్తితే కమ్లి చెప్పింది, "మేం వెనుకట సారా కాచి దించేటోళ్లం. ఇప్పుడు పోలీసోళ్లు ఊకోరు, మానేసినం. దీని అత్తగారోళ్లు కాయరు, ఊరబెట్టి ఊకుంటరు. దీనికేమో గది రాదు, ఇది రాదు. దవాఖాన చదువు చదివింది." మాట పరాచికమే కాని కూతురి వంక చూసే చూపులో దిగులుంది. శాంతి లోపలికి వెళ్లాక గొంతు తగ్గించి నాతో అంది, "పెండ్లి అయినసంది నేను ఆ ఊరు పోలే అక్కా. ఎవరు రమ్మనలే. నా బిడ్డ కుండ చెడితే తండా చెయ్యి మంచిది కాదంటరు. నన్నన్నా ఫరవాలే. దాన్ని అనొద్దు."

మర్నాడు బయలుదేరేటప్పుడు కుండ మీద కప్పమని అద్దాలు కుట్టిన గుడ్డ ఒకటి ఇచ్చింది. తీసుకెళ్తే ఆ పెద్దాయన ఏమంటాడోనని శాంతి జంకింది. నేనే లాక్కుని నా సంచిలో పెట్టుకున్నాను.

భూపాలపల్లి మీదుగా

నర్సంపేట, ములుగు దాటాక దారి పక్కన అడవి మొదలైంది. బీడీలు చుట్టే తునికాకు కట్టలు ఎండలో పరిచిన కల్లాలు కనిపించాయి. భూపాలపల్లిలో రాజేందర్ రాత్రి షిఫ్టు దిగి వచ్చి మమ్మల్ని తన కారులో ఎక్కించుకున్నాడు. నిద్ర లేక కళ్లు ఎర్రగా ఉన్నా భార్య కోసం నేతిలో వేయించిన మక్కగారెలు కట్టించుకుని వచ్చాడు. దారి పొడుగునా ఒకటే మాట, "పరేషాన్ గాకు. పెద్దబాపు నోరే గంత. మనసు మంచిది."

శాంతి కిటికీలోంచి బయటికి చూస్తూ, "నోరే గదా వినపడేది" అంది.

లచ్చవ్వ ఇల్లు

ఊరు గోదావరికి దగ్గర. ముందు రోజే మొదటి వాన పడి నేల మెత్తబడింది. రాజేందర్ తల్లి లచ్చవ్వ గుమ్మంలో కాళ్లకు నీళ్లిచ్చి, "రా చెల్లె, నీ వెనిగర్ ముచ్చట విన్న" అని పలకరించింది. భర్త పోయాక పొలమూ పశువులూ ఆవిడే చూసుకుంటోంది. మాట తక్కువ, చేయి చురుకు. కోడలిని పలకరించే పద్ధతి చూడాలి. ఎలా ఉన్నావని అడగలేదు. శాంతి సంచి తీసుకుని, తలకు నూనె రాస్తూ కూర్చుంది. మా వైపు అత్తలకు ఇది చూపించాలనిపించింది.

కుండ లోపలి గదిలో వరిగడ్డి కుదురు మీద ఉంది. మట్టి మెత్తిన మూత, అందులోంచి సెలైన్ పైపు, దాని కొస నీళ్ల సీసాలో. బుడగ ఒక్కటి లేదు. శాంతి దాని ముందు గొంతుక్కూర్చుని చూస్తూ ఉండిపోయింది.

సాయంత్రం మల్లయ్య వచ్చాడు. తెల్లటి ధోవతి, భుజం మీద తువ్వాల. నాతో ఎంతో మర్యాదగా మాట్లాడాడు, మా వైపు వరి దిగుబడులు అడిగాడు. వెళ్తూ గది లోపలికి తొంగి చూసి, "పానం పోయినట్టున్నది కుండకు" అన్నాడు. శాంతి వంక చూడలేదు. రాగానే పలకరించనూ లేదు. ఆ ఇంట్లో ఆమె ఉన్నట్టే ఆయనకు తెలియదు అన్నట్టు వెళ్లిపోయాడు. నాకు ఒళ్లు మండిపోయింది. అయినా ఊరుకాని ఊరు కాబట్టి పళ్లు బిగించుకున్నాను.

కొట్టంలో ఇంకొకటి

తెల్లవారగానే మొహం కడుక్కోవడానికి పశువుల కొట్టం వైపు వెళ్లాను. గడ్డిమోపుల వెనక బోర్లించిన గంప కింద ఏదో కనిపించింది. ఊరుకుంటే నేను నేనెందుకవుతాను. గంప ఎత్తాను. కింద కుండ ఉంది. గుడ్డ, మట్టి మెత్తు, బెజ్జంలో దూది. అచ్చంగా లచ్చవ్వ పద్ధతి.

"గంప దించు చెల్లె." వెనకే లచ్చవ్వ నిలబడి ఉంది.

పాలు పితికే చెంబు పక్కన పెట్టి, ఇంటి వైపు ఒకసారి చూసి, మెల్లగా చెప్పింది. కోడలు కుండ కట్టి జనగామ వెళ్లిన మర్నాడే ఆవిడ రెండోది కట్టింది. కోడలిది చెడిపోతే దీన్ని మార్చి గట్టు దగ్గరికి పంపాలని. ఎవరికీ చెప్పలేదు, కొడుక్కి కూడా.

"మరి ఇప్పుడు ఏది పంపుతారు?"

"గదే తెలుస్తలేదు. అమ్మకు పోయకముందు ఇప్పరసం నేను నోట్లె పెట్టుకోవద్దు. గిన్నేండ్ల సంది పెట్టుకోలే." కొంచెం ఆగి నా వంక చూసింది. "నువ్వు మా ఇంటిదానివి కాదు, మా పాలిదానివి కాదు. నీకు పట్టింపు లేదు. నువ్వు చూసి చెప్పు."

వైన్ పేల్చినదాన్ని, వెనిగర్ చేసినదాన్ని. ఒక పిల్ల పరువు వచ్చి నా నాలుక మీద కూర్చుంది. వద్దని చెప్పాల్సింది. కానీ ఆవిడ నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. సరేనన్నాను.

శాంతి స్నానానికి పోయిన సమయం చూసి లోపలి గదిలోకి వెళ్లాం. మూత తీయకూడదు. లచ్చవ్వ కాసేపు ఆలోచించి, "మూత తీయొద్దన్నరు గాని పైపుకెళ్లి తీయొద్దని ఎవరు చెప్పలే" అంది. పైపును కొంచెం లోపలికి తోసి కొసను కిందికి వంచి ఒక్కసారి నోటితో లాగాను. పలుచగా, తేట తేనె రంగులో వచ్చింది. తీపి తక్కువ. నాలుక అంచుల మీద పులుపు. ఇప్పపూల ఘాటు మాత్రం నిక్కచ్చిగా ఉంది. తర్వాత కొట్టంలోకి వెళ్లి రెండోది తెరిచి గరిటెతో చూశాను. నిజం చెప్పాలంటే కళ్లు మూసుకున్నాను. చిక్కగా, తీయగా గొంతులోకి దిగి, దిగాక వెచ్చగా విచ్చుకుంది. చివర్లో పొగరాజేసిన పూల వాసన. నా జన్మలో అంత మంచి రసం తాగలేదు.

"చెప్పు" అంది లచ్చవ్వ.

అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. "మీదే బాగుంది అక్కా. చాలా బాగుంది. ఆ అమ్మాయిది కొంచెం పులుపు."

"చెడిందా?"

"లేదు. చెడలేదు. చెడితే ఎలా ఉంటుందో నాకంటే తెలిసినవాళ్లు లేరు. వెనిగర్ వాసన లేదు. మొదటిసారికి మంచి రసమే."

"చెడలే గదా" అని మళ్లీ అడిగింది. చెడలేదన్నాను.

ఆవిడ లేచింది. రెండో కుండను రెండు చేతులా ఎత్తి తీసుకెళ్లి గేదె ముందున్న కుడితి తొట్టిలో మొత్తం వంపేసింది. నేను అయ్యయ్యో అని అడ్డం వెళ్లేలోపే అయిపోయింది. ఖాళీ కుండను గంప కింద పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుని పాలు పితకడానికి కూర్చుంది. నాకు కారణం అర్థం కాలేదు. అడగబోతే శాంతి తల తుడుచుకుంటూ బయటికొచ్చింది.

గట్టు మైసమ్మ

పాలివాళ్లందరూ పొలానికి చేరారు. గట్టు మీద వేపచెట్టు, దాని కింద పసుపు కుంకుమ పెట్టిన మూడు రాళ్లు. శాంతి కుండను తలమీద పెట్టుకుని వచ్చింది. దాని మీద అద్దాల గుడ్డ నేనే కప్పాను. ఎండకు ఆ అద్దాలు మెరుస్తుంటే ఆడవాళ్లు ఒకరికొకరు చెవుల్లో చెప్పుకున్నారు. లచ్చవ్వ గట్టిగా, "మా వియ్యపురాలు కుట్టి పంపింది" అంది. ఇంకెవరూ గుసగుసలాడలేదు.

మట్టి పగలగొట్టి మూకుడు తీశారు. గుడ్డతో వడగట్టి మొదటి చెంబు అమ్మవారి ముందు నేలమీద ధారగా పోశారు. తడిసిన మట్టిలో అది ఇంకిపోతుంటే అందరూ చేతులు జోడించారు. కట్టినామె మొదట తాగాలి. శాంతి మోదుగాకు డొప్పతో తాగింది. పులుపు తెలిసినట్టుంది, తల వంచుకుంది. తర్వాత ఇంకో డొప్ప నింపి మల్లయ్యకు అందించింది. ఆయన తీసుకుని ఒక్క గుక్కలో తాగేశాడు. కాసేపు నోరు చప్పరిస్తూ పొలం వైపు చూశాడు.

"జర పుల్లగున్నది" అన్నాడు.

రాజేందర్ ముందుకు రాబోతే లచ్చవ్వ చేయి పట్టుకుని ఆపింది.

మల్లయ్య డొప్ప మళ్లీ చాపాడు. "ఇంకింత పొయ్యి." శాంతి పోసింది. ఈసారి నెమ్మదిగా తాగాడు. మూతి తుడుచుకుని, మొట్టమొదటిసారి ఆమె ముఖంలోకి చూసి అన్నాడు, "వచ్చేఏడు పూలు ఇంకొన్ని దినాలు ఎండనియ్యి బిడ్డా. నీళ్లు జర తగ్గించు. పైపు మంచిగనే ఉన్నది, ఉండనియ్యి."

వచ్చే ఏడు అన్నాడు. అక్కడున్న వాళ్లందరికీ ఆ మాట చాలు. ఆడవాళ్లు డొప్పలు పట్టుకుని వరుసలో నిలబడ్డారు. శాంతి పోస్తూనే ఉంది, కళ్ల నీళ్లు తుడుచుకోవడానికి చేయి ఖాళీ లేదు. నేను కూడా నిలబడి తాగాను. పొద్దున్నకంటే బాగుందనిపించింది. అంతమంది మధ్య అలాగే ఉంటుందేమో.

కుడితి తొట్టి

ఇంటికొచ్చేసరికి కొట్టంలో గేదె పడుకుని ఉంది. లేపితే లేవదు. కళ్లు అరమోడ్చి, చెవులు వేలాడేసి, పిలిస్తే మూలుగుతోంది. రాజేందర్ గాబరాపడి పశువుల డాక్టరుకు ఫోను చేయబోయాడు. శాంతి నర్సు కదా, ముందు కళ్లు చూసింది, పొట్ట తట్టింది. తర్వాత తొట్టి మీదికి వంగి వాసన చూసింది. అక్కడే ఆగిపోయింది. నా వంక చూసింది. నేను కొట్టం కప్పు వాసాలు లెక్కపెడుతున్నట్టు పైకి చూశాను.

తొట్టి అడుగున కొంచెం మిగిలి ఉంది. వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంది. గడ్డిమోపుల వెనకి వెళ్లి గంప ఎత్తి ఖాళీ కుండను చూసింది. రాజేందర్ ఏమైందని అడుగుతున్నా వినిపించుకోలేదు. ఒక్కొక్కటే అర్థమవుతున్నట్టు ఆ పిల్ల ముఖం మారడం నేను చూశాను.

లచ్చవ్వ పాలచెంబు కడుగుతోంది. శాంతి వెళ్లి ఆవిడ ముందు నిలబడింది.

"అత్తా, గిది నా కుండకన్న మంచిగున్నది."

"ఉంటది. నేను కట్టిన."

"మరెందుకు పారబోసినవ్?"

లచ్చవ్వ చెంబు బోర్లించి, తలెత్తకుండానే అంది, "మంచిగున్నదనే పారబోసిన బిడ్డా."